మొదటి మంచు ట్రెక్కు: ఏ కొండ, ఏ నెల, ఏ వాలు

ఏటా కార్తీక మాసం దాటగానే మా మిత్రబృందంలో అదే చర్చ మొదలవుతుంది. ఈసారి మంచు చూడటానికి ఎక్కడికి వెళ్దాం? కేదార్‌కంఠ అని ఒకరు, గుల్మార్గ్ అని ఇంకొకరు, నేపాల్ అని మరొకరు. ఆ వెంటనే పోలికలు. ఖర్చు ఎంత, ఎన్ని రోజుల సెలవు కావాలి, ఢిల్లీ నుంచి ఎంత దూరం, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి. ఇన్నేళ్లలో ఒక్కరైనా "ఆ బాట పక్కన కొండ వాలు ఎంత?" అని అడిగిన పాపాన పోలేదు. మొదటి రెండుసార్లు నేనూ అడగలేదు.

ఇందులో మన భాషకూ కొంత వాటా ఉంది. గడ్డి మీద మెరిసే బిందువూ మంచే, లంబసింగిలో తెల్లవారుజామున కమ్ముకునేదీ మంచే, ఫ్రిజ్ గోడలకు పట్టేదీ మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. పత్రికలో "హిమపాతం" అని శీర్షిక కనిపిస్తే, ఆకాశం నుంచి రాలిన మంచు గురించా, కొండ మీద నుంచి ఊడిపడిన మంచు గురించా అన్నది వార్త మొత్తం చదివితే గాని తెలియదు. మొదటిదాన్ని చూడటానికి టికెట్టు కొంటాం. రెండోది చంపుతుంది. అందుకే రెండోదాన్ని ఇక్కడ "మంచు చరియ" అనే అంటాను.

ఇదంతా సైనికుల గొడవ, పర్వతారోహకుల గొడవ అనుకునేవారికి ఒక్క తేదీ చెబుతాను. 2023 ఏప్రిల్ 4న గాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే రోడ్డు దగ్గర పర్యాటకుల మీదకు చరియ దిగింది. ఏడుగురు చనిపోయారు. వాళ్లు ఏ శిఖరమూ ఎక్కడానికి వెళ్లలేదు. కార్లలో వచ్చినవారు.

మీ డాబా మెట్లంత వాలు

చరియ విషయంలో కొండ ఎత్తు కంటే వాలు ముఖ్యం. ప్రాణాలు తీసే చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మొదలవుతాయి. అంతకంటే తక్కువ వాలులో మంచు సాధారణంగా నిలిచి ఉంటుంది. మరీ నిటారైన చోట పడింది పడినట్టే రాలిపోతుంది కాబట్టి పెద్దగా పేరుకోదు. చిక్కంతా ఈ మధ్యదానితోనే.

30 డిగ్రీలంటే ఎంతో తెలుసుకోవడానికి హిమాలయాల దాకా పోనక్కర్లేదు. ఇంట్లో మెట్ల పక్కనున్న రెయిలింగు మీద ఫోను ఆనించి, కోణం కొలిచే యాప్ తెరవండి. డాబా మీదకు వెళ్లే మెట్లు చాలా ఇళ్లలో 30, 35 డిగ్రీల మధ్య ఉంటాయి. బట్టలు ఆరేయడానికి రోజూ ఎక్కే వాలే అది, ఎవరినీ భయపెట్టదు. కొండల్లోనూ అంతే. కొండచరియలా నిలువుగా ఉన్నదాన్ని చూసి దూరం జరుగుతాం, జారుడుబండలా సరదాగా కనిపించేదాని మధ్యలో నిలబడి ఫొటో దిగుతాం.

బాట చదునుగా ఉన్నా సరిపోదు. చరియ మొదలైన చోట ఆగదు, వాలు ముగిశాక కూడా మైదానంలోకి దూసుకొస్తుంది. అందుకే రెండు దారులను పోల్చేటప్పుడు నేను మొదట అడిగేది: నడిచే చోటికి పైన ఏముంది? గట్టు (కొండ వెన్ను) మీద నడక అయితే పైన ఆకాశమే. లోయలో నడక అయితే రెండు వైపులా కొండలు, వాటి మీద మనకు కనిపించని మంచు. వేసవిలో లోయ బాట సులువు, గట్టు బాట కష్టం. చలికాలంలో ఈ లెక్క తరచూ తిరగబడుతుంది.

అడవి చూసి ధైర్యపడటం కొంతవరకు సబబే. ఒత్తుగా పెరిగిన చెట్లు మంచును పట్టి ఉంచుతాయి. కానీ అడవి మధ్యలో పైనుంచి కిందికి దువ్వెనతో పాపిట తీసినట్టు చెట్లు లేని చార కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు చరియ నడిచిందని అర్థం. పక్క చెట్లకు కొండ వైపు కొమ్మలు విరిగి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. అలాంటి చోట టీ తాగడానికి ఆగకండి.

అరచేతిలో బొంబాయి రవ్వ

ఒక ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో మా గైడు క్యాంపు పక్కన పారతో మోకాలి లోతు గొయ్యి తవ్వాడు. గోడను చేతి తొడుగుతో నున్నగా దువ్వి, పైనుంచి కిందికి పొడుచుకుంటూ రమ్మన్నాడు. పైన జానెడు మేర దూదిలా ఉంది, పిడికిలే దిగిపోయింది. దాని కింద ఎండకు కరిగి రాత్రికి బిగుసుకున్న పొర. వేలు వంగింది గాని దిగలేదు. ఆ కింద మరో జానెడు, ఒత్తి పెట్టిన పిండిలా. అన్నిటికంటే అడుగున, ఎండిన గడ్డిని ఆనుకుని ఉన్న మంచు, ముట్టుకోగానే బొలబొలా రాలింది. అరచేతిలోకి తీసుకుంటే అచ్చం బొంబాయి రవ్వ. ఉండ కట్టమన్నాడు. ఎంత నొక్కినా కట్టలేదు. ఊదితే ఎగిరిపోయింది.

"ఈ మేడకు పునాది ఇదే సార్" అన్నాడు.

ఆ రవ్వ ఎలా తయారవుతుందో తెలిస్తే ఏ నెలలో వెళ్లాలన్నది సగం తేలిపోతుంది. నేల ఎప్పుడూ సున్నా డిగ్రీల దగ్గర కొంచెం వెచ్చగా ఉంటుంది. పైన గాలి మైనస్ పదో పదిహేనో. మధ్యలో మంచు పలుచగా ఉంటే ఆ కొద్ది మందంలోనే ఉష్ణోగ్రత తేడా విపరీతం. అడుగునున్న మంచు ఆవిరై పైకి పాకుతూ, ఒకదానికొకటి అంటుకోని పలుకులుగా మళ్లీ గడ్డకడుతుంది. ఆకాశం నిర్మలంగా, రాత్రులు కొరికేసేంత చలిగా ఉన్న డిసెంబరు, జనవరి రోజుల్లో ఈ పని చాలా చురుగ్గా సాగుతుంది. తర్వాత పెద్ద మంచు కురుస్తుంది, లేదా గాలి ఎక్కడినుంచో మోసుకొచ్చి పోస్తుంది. అది గట్టిపడి పలకలా తయారవుతుంది. కింద రవ్వ, పైన పలక, పళ్లెం వంచి పెట్టి ఉంది. కదిలించడానికి ఒక మనిషి బరువు చాలు. సరదాకు కొండలకు వెళ్లినవారి ప్రమాదాలను చూస్తే, పదింట తొమ్మిదింటిలో చరియను కదిలించింది అందులో చిక్కుకున్నవారో, వారి బృందంలోని వారో.

కాబట్టి "ఈసారి మంచు తక్కువట, ప్రమాదం ఉండదు" అన్న మాట నమ్మకండి. తక్కువ మంచు అంటే బలహీనమైన పునాది కూడా.

కొండ ముందుగా హెచ్చరిస్తుంది, చాలాసార్లు. ఎదుటి వాలు మీద ఆ రోజో నిన్నో పడిన చరియ తాలూకు గుట్ట. అడుగు వేసిన చోటు నుంచి గాజు పగిలినట్టు ముందుకు పరిగెత్తే పగులు. కింద ఎక్కడో "ధుమ్" అని మూగగా వినిపించి, నిలబడ్డ చోటే మంచు అంగుళం కుంగడం. ఈ చివరిది విన్నప్పుడు చాలామంది నవ్వుతారు, ఏదో వింతలా. నవ్వకూడదు. కింది రవ్వ పొర కూలిన శబ్దమది. అలాంటి రోజు ఏ వాలు కిందా పని లేదు. ఒక్క రోజులో అడుగు మేర కొత్త మంచు కురిసినా, గట్టి గాలి వీచినా, ఉన్నట్టుండి ఎండ ముదిరినా అదే నియమం.

గాలి గురించి ఒక్క మాట. ఆకాశం నుంచి పడేదానికి పది రెట్ల వేగంతో గాలి ఒక వాలు మీద మంచు పోయగలదు. గట్టుకు గాలి తగిలే వైపు రాళ్లు తేలి ఉంటాయి, చాటు వైపు నున్నగా, బొద్దుగా, అందంగా ఉంటుంది. ఆ అందమే అపాయం. గట్టు అంచున గాలి కట్టిన మంచు మన పాత ఇళ్ల చూరులా బయటకు వేలాడుతుంది. దాని కింద నేల లేదు. పైనుంచి చూసేవాడికి ఆ సంగతి తెలియదు.

ఉత్తరాఖండ్ దారులు

మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పే పేరు దయారా బుగ్యాల్. బుగ్యాల్ అంటే గఢ్వాలీలో కొండల మీది పచ్చిక మైదానం. ఉత్తరకాశీ దగ్గరి రైథల్ నుంచో బార్సూ నుంచో అడవి గుండా ఎక్కితే, సుమారు 3,400 మీటర్ల ఎత్తులో అలలు అలలుగా సాగే విశాలమైన మైదానం వస్తుంది. శిఖరం లేదు, "జయించాం" అని చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందుకే చాలామంది దీన్ని రెండో వరసలో పెడతారు. నా దృష్టిలో దీని గొప్పదనం అదే. ఎక్కడ ఆగినా ట్రెక్కు పూర్తయినట్టే. మంచు బాగా లేదనిపిస్తే మైదానం అంచు దాకా వెళ్లి బందర్‌పూంఛ్ చూసి దిగిపోవచ్చు, ఎవరి మనసూ నొచ్చుకోదు. వాలు నెమ్మది, ఊళ్లు దగ్గర. మైదానం అంచుల్లో లోయల్లోకి దిగే నిటారు పక్కలు ఉన్నాయి, అటు వెళ్లకపోతే చాలు.

బ్రహ్మతాల్ రెండోది. లోహాజంగ్ నుంచి మొదలై ఓక్, రోడోడెండ్రాన్ అడవుల గుండా ఎక్కి, గట్టు మీద నడిచే దారి. త్రిశూల్, నందా ఘుంటీ ఎదురుగా నిలబడతాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం గట్టు నడక కాబట్టి తల మీద భయం తక్కువ. దీని ఇబ్బంది గాలి, పొగమంచు. చూపు ఆననప్పుడు గట్టు అంచుకీ చూరుకీ తేడా తెలియదు. గైడు నడిచిన అడుగుల్లోనే నడవండి, ఫొటో కోసం రెండడుగులు పక్కకు వేయకండి. సరస్సు ఉన్న గుంటలోకి దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు గాలి పోసిన మంచు ఎటువైపు ఉందో అడిగి తెలుసుకోండి.

ఇక అందరి నోటా నానే కేదార్‌కంఠ. సాంక్రి నుంచి 3,810 మీటర్ల శిఖరం. దేశంలో చలికాలపు ట్రెక్కులలో బహుశా దీనికున్నంత పేరు మరోదానికి లేదు. పైన్ అడవులు, మధ్యలో జూడా కా తలాబ్, చివరి రోజు తెల్లవారుజామున మూడింటికి లేచి సూర్యోదయానికి శిఖరం చేరడం. వేలమంది క్షేమంగా వెళ్లొస్తున్న దారే. నా అభ్యంతరం దారి మీద కాదు, దాని మీదున్న జనం మీద. వందల బూట్లు తొక్కిన బాట సిమెంటులా గట్టిగా ఉంటుంది, కాబట్టి అంతటా అలాగే ఉందనుకుంటాం. వరుస నెమ్మదించిందని పక్కకు దిగి, ఎవరూ తొక్కని వాలు మీదుగా దాటేయాలనిపిస్తుంది. అక్కడి మంచుకూ బాట మీది మంచుకూ ఏ సంబంధమూ లేదు. చివరి ఎక్కుడులో తెల్లవారుజామున అసలు భయం చరియ కంటే జారుడు. రాత్రంతా బిగుసుకున్న మంచు గాజులా ఉంటుంది, బూట్లకు ముళ్ల పట్టీలు లేకుండా ఎక్కకూడదు. దిగేటప్పుడు కూర్చుని జారడం ఇక్కడ ఒక వేడుక. గైడు చూపించిన చోట తప్ప జారకండి, కింద ఏముందో కనిపించని చోట అసలు వద్దు.

కువారీ పాస్ (కనుమ) చూపుకు వీటన్నిటినీ మించినది. నందాదేవి, ద్రోణగిరి అంత దగ్గరగా కనిపించే దారులు కొత్తవారికి అందేవి ఎక్కువ లేవు. ఔలీ పైనున్న గోర్సన్ బుగ్యాల్ వరకు సుఖంగా ఉంటుంది. పాస్ దగ్గరికి చేరే చివరి భాగంలో చెట్లు లేని వాలులు అడ్డంగా దాటాలి. కొత్త మంచు కురిసి మూడు రోజులు కాకుండా అక్కడికి వెళ్దామనే గైడు కంటే, "ఇక్కడితో చాలు" అనే గైడు మంచివాడు. దీనితో పాటు పంగర్‌చుల్లా శిఖరం కూడా చూపిస్తామని కొందరు ఆశ పెడతారు. అది 4,500 మీటర్లు దాటిన నిటారు ఎక్కుడు. మొదటి మంచు ట్రెక్కులో దాని ఊసెత్తకండి.

హర్ కీ దూన్‌ను వేసవికి ఉంచుకోండి. లోయ బాట.

కొండలు తెలిసినవారికీ చరియ మినహాయింపు ఇవ్వదని చెప్పడానికి ఉత్తరకాశీ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. 2022 అక్టోబరు 4న నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ద్రౌపదీ కా డాండా-2 శిఖరానికి వెళ్తుండగా చరియ ముంచేసింది. 29 మందిని కోల్పోయాం. వాళ్లు శిక్షణలో ఉన్నవారు, వెంట అనుభవజ్ఞులైన గురువులు ఉన్నారు. 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ పక్కనున్న మానా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ కూలీల శిబిరం మీద చరియ పడి ఎనిమిది మంది పోయారు. వాళ్లయితే ఎక్కడికీ ఎక్కలేదు, తమ కంటైనర్లలో ఉన్నారు.

గుల్మార్గ్ వేరే లెక్క

గుల్మార్గ్‌ను ట్రెక్కులతో పోల్చడమే పొరపాటు. అక్కడ గొండోలా (తీగ మీద నడిచే పెట్టె) రెండో దశ ఎక్కితే ఊపిరి పీల్చేలోగా అఫర్వత్ శిఖరం కింద 3,900 మీటర్ల పైకి చేరుకుంటారు. ఉత్తరాఖండ్‌లో నాలుగు రోజులు నడిస్తే గాని రాని ఎత్తు అది. నడిచేవాడికి దారిలో మంచు తనను తాను పరిచయం చేసుకుంటుంది. గొండోలాలో వచ్చినవాడికి ఆ పరిచయం ఉండదు.

పైన స్టేషను దగ్గర నిలబడి చూసి దిగే కుటుంబాలకు పెద్దగా చెప్పేదేమీ లేదు, సిబ్బంది మూసేస్తే గొడవపడకండి అంతే. స్కీ చేసేవారికి మాత్రం ఒక గీత ఉంది. స్కీ గస్తీ సిబ్బంది పేలుడు పదార్థాలతో ముందుగా చరియలు పడగొట్టి తెరిచే భాగం ఒకటి, హద్దు దాటాక ఎవరూ చూడని కొండ ఒకటి. హద్దు తాడుకు ఇవతల, అవతల ఒకే మంచులా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ చరియల్లో పోయారు. అంతకుముందు 2010 ఫిబ్రవరిలో ఖిలన్‌మార్గ్ దగ్గర సైన్యపు పర్వత యుద్ధ శిక్షణ పాఠశాల సైనికులు 17 మంది చనిపోయారు. గుల్మార్గ్ ఉన్న పీర్ పంజాల్ శ్రేణిలో మంచు కుప్పలు కుప్పలుగా, ఒకేసారి కురుస్తుంది. తుపాను వెళ్లిన మర్నాడు ఆకాశం నీలంగా, మంచు మెత్తగా, అందరికీ ఉత్సాహంగా ఉంటుంది. ఏడాదిలో అతి ప్రమాదకరమైన రోజుల్లో అదొకటి.

స్కీ నేర్చుకోవాలంటే గుల్మార్గ్ కింది మైదానం చక్కని చోటు. హద్దు బయట తిరగాలంటే ముందు చరియల శిక్షణ తీసుకోండి. మధ్యే మార్గం నాకు తెలిసి లేదు.

అన్నపూర్ణ, హుద్‌హుద్

నేపాల్‌లో మనవాళ్లు ఎక్కువగా అడిగేది అన్నపూర్ణ బేస్ క్యాంప్. 4,130 మీటర్లు, దారి పొడవునా బస, వేడి భోజనం, గుడారం మోయనక్కర్లేదు. వసతిలో దీన్ని ఉత్తరాఖండ్ దారులేవీ అందుకోలేవు. చరియల విషయంలో మాత్రం నా పట్టికలో ఇది అట్టడుగున ఉంటుంది, జనవరి నుంచి మార్చి దాకా. దేవరాలీ నుంచి మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ దాకా బాట మోదీ ఖోలా నది ఇరుకు లోయలో సాగుతుంది. పైన హియూంచులీ వాలుల మీద మంచు పేరుకుంటుంది, కిందనున్నవారికి అది కనిపించనే కనిపించదు. మీరున్న చోట ఎండ కాస్తుంటుంది, నేల పొడిగా ఉంటుంది, చరియ పైనుంచి వస్తుంది. 2020 జనవరి 17న అక్కడే నలుగురు దక్షిణ కొరియన్లు, ముగ్గురు నేపాలీలు చనిపోయారు. తప్పనిసరిగా ఆ కాలంలోనే వెళ్తే దేవరాలీలో బస నడిపేవారిని అడగండి, వాళ్లు నది అవతలి ఒడ్డు బాట పట్టమంటే అటే వెళ్లండి, ఎండ వాలు మీద పడకముందే ఆ భాగం దాటేయండి.

అక్టోబరులో వెళ్తే ఇవన్నీ ఉండవని అంటారు. చాలావరకు నిజమే. అయితే 2014 అక్టోబరు 12ను విశాఖపట్నం వాసులకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. హుద్‌హుద్ ఊరిని ఊడ్చేసిన రోజది. ఆ తుపాను శేషం ఉత్తరాన హిమాలయాల దాకా పోయి, రెండు రోజుల తర్వాత అన్నపూర్ణ చుట్టుదారిలో, 5,416 మీటర్ల థొరాంగ్ లా పరిసరాల్లో, మంచు తుపానై విరుచుకుపడింది. చరియల్లో, చలిలో నలభై మందికి పైగా చనిపోయారు. నేపాల్ ట్రెక్కులకు అది ఏడాదిలోకెల్లా మేలైన నెల. అప్పటి నుంచి నాకొక అలవాటు. అక్టోబరులో హిమాలయాల ప్రయాణం ఉంటే బంగాళాఖాతంలో అల్పపీడనాల వార్తలు చూస్తాను. మన తీరంలో గాలి లేస్తే అక్కడి గట్టు మీద మంచు కురిసే అవకాశం ఉంది. ఇంట్లోవాళ్లకు ఇది పిచ్చిలా కనిపిస్తుంది.

అదే ఏడాది వసంతంలో ఎవరెస్టు మీద మరో పోలిక దొరుకుతుంది. ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ మంచు జలపాతంలో చరియ పడి 16 మంది నేపాలీ సహాయకులు చనిపోగా, ఆ వైపు ఆ ఏటి ఆరోహణలు దాదాపుగా నిలిచిపోయాయి. మే 25న మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిఖరం చేరింది టిబెట్ వైపు నుంచి. పర్వతం ఒకటే. "ఎవరెస్టు ప్రమాదమా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు, "ఏ వైపు నుంచి?" అంటే ఉంటుంది.

నెలను ఎంచుకోవడం

డిసెంబరు చివరి వారం అందరికీ సెలవులు. మంచు ఉంటే పలుచగా ఉంటుంది, బాటలు కిక్కిరిసి ఉంటాయి. జనవరి, ఫిబ్రవరిల్లో మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులు ఒకదాని వెనుక ఒకటి మంచు కుమ్మరిస్తాయి. అందం అప్పుడే, అపాయమూ అప్పుడే. మార్చిలో పొర స్థిరపడుతుంది గాని మధ్యాహ్నపు ఎండకు నీరు కారి తడి చరియలు మొదలవుతాయి. వీటికి ఒక మర్యాద ఉంది, చాలావరకు వేళ చూసుకుని వస్తాయి. తెల్లవారకముందే బయలుదేరి, పదకొండు లోపల వాలుల కింద నుంచి బయటపడితే చాలావరకు తప్పించుకోవచ్చు. నన్నడిగితే దయారా, బ్రహ్మతాల్‌లకు ఫిబ్రవరి చివర, మార్చి మొదట. కొత్త మంచు కురిసిన తర్వాత రెండు మూడు రోజులు ఆగగలిగితే.

ఆ చివరి వాక్యంలోనే మన హైదరాబాదీల కష్టమంతా ఉంది. ఆగడానికి రోజులు ఉండవు. విమానం, దెహ్రాదూన్, అక్కడి నుంచి సాంక్రికి పగలంతా బండి, మళ్లీ సోమవారం ఉదయం ఆఫీసు. ఒక్క రోజు కూడా అదనంగా లేని ప్రణాళికతో వెళ్లినవాడు గైడు మీద ఒత్తిడి తెస్తాడు, "ఇంత దూరం వచ్చాం కదా" అంటాడు. రెండు ట్రెక్కుల మధ్య తేల్చుకోలేకపోతే రోజులు తక్కువ పట్టేదాన్ని తీసుకుని, మిగిలిన ఒకటి రెండు రోజులు ఖాళీగా వదిలేయండి. ఐదు వేలు మిగిల్చే ప్యాకేజీ కంటే ఆ ఖాళీ రోజు విలువైనది.

నిర్వాహకులను ఏమని అడగాలి

"సురక్షితమేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. అందుకే జవాబులో నిజం బయటపడే ప్రశ్నలు వేయాలి. పోయిన ఏడాది ఎన్ని బృందాలను మధ్యలో వెనక్కి తిప్పారు? ఒక్కదాన్నీ తిప్పలేదంటే నేను ఫోను పెట్టేస్తాను. వెనక్కి తిప్పితే గైడు జీతంలో కోత ఉంటుందా? రక్షణ మంత్రిత్వ శాఖ పరిశోధన విభాగం కింద చండీగఢ్‌లో పనిచేసే డీజీఆర్‌ఈ సంస్థ చలికాలంలో చరియల హెచ్చరికలు ఇస్తుంది. ఫలానా జిల్లాలో ఇన్ని మీటర్లకు పైన ఇంత ప్రమాదం అన్నట్టు ఉంటాయవి. వాటిని ఎవరు చూస్తారు, క్యాంపులో ఉన్న గైడుకు ఎలా చేరవేస్తారు? ఈ హెచ్చరిక జిల్లా మొత్తానికి, మీ బాట మీది ఆ ఒక్క వాలు సంగతి గైడు కళ్లతోనే చూడాలి.

సామగ్రి గురించి కూడా అడగండి. చరియలో కూరుకుపోయినవారిని పది పదిహేను నిమిషాల్లో తీయగలిగితే పది మందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే ముగ్గురిలో ఒకరు. హెలికాప్టర్ ఎంత తొందరగా వచ్చినా ఆ లెక్కకు అందదు, తీయాల్సింది పక్కనున్నవారే. దానికి మూడు కావాలి. ఒంటికి కట్టుకుని సంకేతం పంపే బీకన్, మంచులో గుచ్చి వెతికే మడత కడ్డీ, లోహపు పార. మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. మన దేశంలో మామూలు ట్రెక్కు బృందాల దగ్గర ఇవి కనిపించడం అరుదు. అందుకే, ఇవి లేకుండా వెళ్లే దారిని ఇవి అక్కర్లేనంత నెమ్మది వాలు ఉన్నదిగానే ఎంచుకోవాలి. దయారాకు నేను అంత మార్కులు వేయడానికి ఇదీ ఒక కారణం.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ, ప్రతి ఉదయం ప్రాంతాల వారీగా ఐదు అంచెల హెచ్చరిక చేతిలో ఉంటుంది. సియాటెల్ వైపు మంచు బరువుగా, లోతుగా పడి, తుపాను తర్వాత కొన్ని రోజుల్లో కుదురుకుంటుంది. డెన్వర్ వైపు పలుచని మంచు, పొడి చలి, అడుగున మా గైడు చూపించిన ఆ రవ్వ వారాల తరబడి, ఒక్కోసారి శీతకాలమంతా ఉంటుంది. అమెరికా రాష్ట్రాలలో చరియల మరణాలు కొలరాడోలోనే ఎక్కువ. సియాటెల్‌లో అలవాటైన "రెండు రోజులు ఆగి వెళ్దాం" అనే నియమాన్ని డెన్వర్‌కు తీసుకెళ్లకండి. ఇంకొకటి, ఐదులో మూడో అంచెను "మధ్యస్థం, ఫర్వాలేదు" అని చదువుకుంటున్నారు చాలామంది. చరియల్లో ఎక్కువమంది పోయేది ఆ మూడో అంచె రోజుల్లోనే. నాలుగు, ఐదు అంటే భయపడి ఇంట్లో ఉంటారు, మూడంటే బయలుదేరతారు. వేసవిలో నడిచిన స్నో లేక్ బాట చలికాలంలో చరియల దారుల కిందుగా పోతుందని సియాటెల్ వారికి గుర్తు చేయండి.

ఇంతకీ మా బృందం ఏం తేల్చుకుందని అడుగుతారేమో. పదకొండు మందిలో ఏడుగురు కేదార్‌కంఠకే ఓటేశారు. నేనూ మరో ముగ్గురం దయారాకు. పోయిన వారం రైథల్‌లోని గైడుకు ఫోను చేసి, ఫిబ్రవరి 24న బయలుదేరతాం, మంచు ఎలా ఉంటుంది అని అడిగాను. నవ్వి, "ఫిబ్రవరి 23న ఫోను చేయండి సార్, చెబుతాను" అన్నాడు. రద్దు చేసుకోగలిగే టికెట్లే తీసుకున్నాం.